పట్టీ కట్టిన చెయ్యి

“రెండు వేళ్లు పెట్టమన్నాను మావయ్యగారూ, ఆస్తి రాసిమ్మనలేదు!”

కోడలి గొంతు ఆ ఇంట్లో అంత పైకి లేవడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అత్తగారి సూది, గుడ్డలో సగం దిగి ఆగిపోయింది.

టైలరు మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. “పెట్టను! ఏం చేస్తావు? కట్టేసి పెట్టిస్తావా?”

ఆయన చేతిలో సుద్దముక్క, మెడలో టేపు. ఎదురుగా ఒక్క చెయ్యి మాత్రమే అతికించిన కోటు తొడుక్కుని ప్లీడరుగారు రెండు చేతులూ బార్లా చాపి నిలబడి ఉన్నాడు. కోటు నిండా గుండుసూదులు. కదిలితే గుచ్చుకుంటాయి, కదలకపోతే ఇంటి గుట్టంతా చెవిన పడుతుంది. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? గోడ మీది క్యాలెండరు వైపు శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

ముందు గది టైలరు షాపు, వెనక గది వంటిల్లు, మేడ మీద కొడుకూ కోడలూ. అదీ ఇల్లు. కోడలు రెండు వీధుల అవతలున్న చిన్న క్లినిక్‌లో నర్సు. మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటి ముఖం చూడని మనిషి, ఇవాళ పనివేళలో యూనిఫాంతోనే ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె అంత పలక ఉంది. దాని మీద రెండు చేతుల వేళ్లూ ఆనిస్తే గుండె కొట్టుకునే తీరు ఫోనులో గీతగా కనిపిస్తుంది.

“మీరు రోజూ పొద్దున చేతికి పట్టీ కట్టుకుంటున్నారు కదా, ఆ బీపీ మెషీన్ లెక్కలన్నీ మా క్లినిక్‌కి వస్తాయి కదా. డాక్టరమ్మ నన్ను పిలిచి చూపించింది. బీపీ బాగుంది. బాగుందనే పోయినసారి మీ మాత్ర సగానికి తగ్గించింది. కానీ గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదట. ఓసారి గబగబా, ఓసారి ఆగి ఆగి. మెషీన్ ఆ గుర్తు పెడుతూనే ఉంది. ఇవాళ పొద్దున కూడా పెట్టింది.”

“పెడితే?”

“అలా కొట్టుకునే గుండెలో రక్తం గడ్డకట్టొచ్చు మావయ్యగారూ. ఆ గడ్డ మెదడుకెక్కితే చెయ్యీ కాలూ పడిపోతాయి. మాట పడిపోతుంది. అదీ అదృష్టం బాగుంటే!”

“ఎవరికి? నాకా?” అన్నాడు మాస్టారు. అని, హాయిగా నవ్వాడు.

ఆ నవ్వుకు అర్థం ఆ గదిలో ఒక్క కాజాలమ్మకే తెలుసు.

కాజాలమ్మ అంటే మాస్టారి భార్యే. కోటయినా చొక్కా అయినా ఆయన కత్తిరించి కుడితే, బొత్తాలకు కాజాలు తీసేది ఆమె. వీధిలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. సొంత పేరు ఆమెకే ఒక్కోసారి గుర్తుకు రాదు.

అసలు సంగతేమిటంటే, ఆ పట్టీ మాస్టారి చేతికి ఏనాడూ ఎక్కలేదు.

కోడలు దాన్ని ఇంటికి తెచ్చిన రోజున ఆయన పెద్ద రభస చేశాడు. “ఈ పేటలో ఎవరి చెయ్యి ఎంత లావో, ఎవరి నడుం ఎంత పెరిగిందో నేను చెప్తాను. నన్ను కొలవడానికి అదెవరు?” అన్నాడు. కోడలు బతిమాలింది, అలిగింది, చివరికి ఎలా వాడాలో చూపించి డ్యూటీకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున మాస్టారు పట్టీ తీసుకుని భార్య పక్కన కూర్చున్నాడు.

“ఏమే, నీ చెయ్యిలా ఇవ్వు.”

“నాకెందుకండీ? మెషీన్ మీకిచ్చారు కదా?”

“చెయ్యంటే చెయ్యే. దానికేం తెలుస్తుంది, ఇది మొగుడిదో పెళ్లానిదో?”

“తప్పు కదండీ!”

“తప్పేంటి? కోడలి మాట దక్కుతుంది, నా మాటా దక్కుతుంది.”

నిజంగానే దానికి తెలియలేదు. చక్కటి బీపీ వచ్చింది, మాస్టారి పేరు మీద క్లినిక్‌కి వెళ్లింది. కాసేపటికి ఫోనులోంచి ఆడగొంతు పలికింది. “అభినందనలు! ఈ రోజు మీ రక్తపోటు చాలా బాగుంది.” మాస్టారు మురిసిపోయాడు. ఆ రోజు నుంచి షాపుకి ఎవరొచ్చినా ఫోను బిగ్గరగా పెట్టి మరీ వినిపించేవాడు. సిగ్గన్నది ఉంటే కదా!

ఆయన మొండితనం కాజాలమ్మకు తెలియనిది కాదు. అది మొండితనం కాదు, భయం. కత్తెర పక్కన పెట్టి విశ్రాంతి తీసుకోమని ఆ మెషీన్ ఎక్కడంటుందోనని భయం. కత్తెర లేకపోతే తను ఎవరో ఆయనకు తెలియదు. అందుకే ఆమె ఎదురు చెప్పలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. అది ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్పుకునేది కూడా కాదు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది లేదు. ఇద్దరి చేతుల్లోనూ ఎప్పుడూ గుడ్డే ఉండేది. ఇప్పుడు రోజూ పొద్దున ఆయన పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, పట్టీ ముడత లేకుండా చుట్టి, “కదలకు. మాట్లాడకు” అని నెమ్మదిగా చెప్పేవాడు. మెషీన్ బుసబుసమంటూ బిగుసుకుని వదిలేదాకా ఆ చెయ్యి వదిలేవాడు కాదు. ఆమెకు అది చాలా ఇష్టంగా ఉండేది. ఆయన రాకముందే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని కూర్చునేది. అంత ఇష్టమైన పనిని అబద్ధమని ఎలా ఆపుతుంది?

“నవ్వులాటగా ఉందా మావయ్యగారూ?” కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“లేకపోతే ఏంటమ్మాయ్! మీ డాక్టరమ్మ ఒకప్పుడు నాడి పట్టుకునేది, నాలుక చూసేది, మొహం చూసి మాట్లాడేది. ఇప్పుడు తెర చూసి మాట్లాడుతుంది. ఎదురుగా ఉన్న మనిషి కంటే ఆ తెరే ఎక్కువైపోయింది. అది ఏదంటే అదే వేదం!”

ఆ మాటలో కొంచెం నిజం లేకపోలేదు.

“ఒక్క మాట చెప్పొచ్చా మాస్టారూ?” చేతులు చాపుకునే అన్నాడు ప్లీడరుగారు. “నాకు షుగరని మీకు తెలుసుగా. ఈ కోటు కింద, ఇక్కడ, భుజం వెనక ఒక బిళ్ల అంటించారు. మొన్న కోర్టులో మంచి ఊపు మీద వాదిస్తున్నాను. జేబులో ఫోను ఒకటే గోల. జడ్జిగారు మండిపడ్డారు. తీసి చూస్తే షుగరు జారిపోతోందట! అదే కబురు ఇంట్లో మా ఆవిడకీ వెళ్లింది, క్లినిక్‌లో మీ కోడలికీ వెళ్లింది. ఇద్దరూ చెరో పక్క నుంచి ఫోన్లు. నోట్లో చక్కెర వేసుకుని బతికిపోయాను. కేసు ఓడిపోయాను, అది వేరే సంగతి.”

“మీరు కదలకండి, కోటు భుజం కొలత పోతుంది,” అన్నాడు మాస్టారు.

కోడలికి ఆ మాటతో కాస్త ధైర్యం వచ్చింది. “చాకిరేవు వీధిలో నిండుచూలాలికి బీపీ పెరిగిన సంగతి ఎవరు పట్టుకున్నారు? ఇంట్లో ఉన్న ఇలాంటి మెషీనే కదా? తల్లీబిడ్డా ఇవాళ క్షేమంగా ఉన్నారు. ఇదివరకు మా క్లినిక్ బెంచీల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లు, బీపీ చూపించుకోవడానికి ఒక రోజు కూలి పోయేది. ఇప్పుడు ఇంట్లో కూర్చునే పంపిస్తున్నారు. ఇబ్బందులు లేవని నేననడం లేదు. చదువురాని వాళ్లున్నారు, సిగ్నలు ఉండదు, ఫోను చచ్చిపోయి ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి నేర్పిస్తున్నది నేనే కదా! కాళ్లు అరిగిపోతున్నా తిరుగుతున్నాను, ఎందుకంటే అది పనికొస్తోంది. వీధిలో వాళ్లందరికీ చెప్పి, నా ఇంట్లో మనిషిని పోగొట్టుకోమంటారా?”

చివరి మాట అంటూనే పలక ఆయన ముందు పెట్టింది.

కాజాలమ్మ తలెత్తి కోడల్ని చూసింది. ఈ పిల్ల ఎంత మంచిది! కోడలిగా వచ్చిన కొత్తలో ‘ఇంటి పట్టున ఉండదు’ అని తనే సణిగింది. ఇప్పుడు ఆ తిరుగుడు ఎందుకో అర్థమవుతుంటే ఆమెకు ఒకేసారి గర్వమూ సిగ్గూ కలిగాయి.

“సర్లే, ఏడవకు. పెడతాను,” అన్నాడు మాస్టారు. ఆయనకేం భయం? ఆ గుర్తు తనది కాదని తెలుసు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, రెండు చేతుల వేళ్లూ దర్జాగా పలక మీద ఆనించాడు.

ఫోనులో గీత పాకింది. ఒక ఎత్తు, కాస్త ఖాళీ, మళ్లీ ఒక ఎత్తు, అంతే ఖాళీ. కోడలు కళ్లార్పకుండా చూసింది. మళ్లీ పెట్టించింది. మళ్లీ అదే.

“ఏది, ఇలా చూపించు,” మాస్టారు మెడ చాచి చూశాడు. “ఆహా! చూశారా ప్లీడరుగారూ, ఒక్క కుట్టు అటూ ఇటూ లేదు! చేతితో కుట్టినా ఇంత సమంగా రాదు. నేను చెప్పలేదూ, ఆ మెషీన్‌కే పిచ్చెక్కిందని!”

కోడలు కుర్చీలో కూలబడింది.

“అంటే... పట్టీ తప్పు చెప్పిందా?” తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. “ఇన్నాళ్లూ రోజూ తప్పే చెప్పిందా? మరి మిగతావాళ్లవి? వీధి నిండా అవే మెషీన్లు ఇచ్చాం మావయ్యగారూ. వాటిని నమ్మే డాక్టరమ్మ మందులు రాస్తోంది. నేనే కదా, నమ్మండి నమ్మండి అని అందరికీ అంటగట్టింది! ఇప్పుడు అన్నీ వెనక్కి తెప్పించమని మేడమ్‌కి చెప్పాలి.”

ఫోను చేతిలోకి తీసుకుంది కానీ నొక్కలేకపోయింది. ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

ఇక్కడ నోరు విప్పాల్సింది కాజాలమ్మ. విప్పితే ఒక్క మాట. ‘ఆ చెయ్యి నాది.’ మెషీన్‌కు పడ్డ మచ్చ పోతుంది, కోడలి ఏడుపు ఆగుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. ప్లీడరుగారి ముందు మొగుడి పరువు పోతుందని మింగేసింది అనుకుంటే పొరపాటే. ఆమె మింగేసింది ఇంకొక దానికి.

గబగబా కొట్టుకునేది, ఆగి ఆగి కొట్టుకునేది తన గుండె. కోడలు చెప్పడం మొదలుపెట్టగానే ఆమెకు అర్థమైంది. మేడ మెట్లెక్కితే ఊపిరి అందకపోవడం, కూర్చున్న చోట కూర్చున్నట్టే గుండెల్లో ఏదో దడదడమని పోవడం, సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణకడం, అన్నీ వయసు మీద తోసేసింది. ఇప్పుడు తెలిసింది. చెయ్యీ కాలూ పడిపోయేది ఎవరికో, మాట పడిపోయేది ఎవరికో కూడా తెలిసింది. ఆమెకు చెప్పలేనంత భయం వేసింది.

మరి ఆ సంగతి ఆయనకు తట్టదే? రోజూ పొద్దున పట్టీ చుట్టింది ఆయనే కదా? తనది కాదని నవ్వుతున్న మనిషికి, మరి ఎవరిదన్న ఆలోచన రాదేం? నేను చెప్పను. ఆయనకే గుర్తుకు రావాలి. రాకపోతే... రాకపోతే ఇన్నేళ్ల కాపురానికి అర్థమేముంది? అలా అనుకుని, ఆమె సూది వైపే చూస్తూ కూర్చుంది. ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా ఆడమనిషికి ఇలాంటి పంతం ఒకటి ఉంటుంది మరి.

“నువ్వు దిగులుపడకమ్మాయ్,” మాస్టారు మళ్లీ గుండుసూది తీశాడు. మంచి హుషారు మీదున్నాడు. “ఒక మెషీన్ చెడిపోతే లోకమేం మునిగిపోదు. ఏమంటారు ప్లీడరుగారూ? అలా ఆగి ఆగి కొట్టుకునే గుండె ఎవరిదో గానీ, నాది మాత్రం...”

గుండుసూది కోటులోకి దిగకుండానే ఆగిపోయింది.

ఆయన మెల్లగా కిటికీ వైపు తిరిగాడు. కాజాలమ్మ అప్పటికే ఆయన వైపు చూస్తోంది.

ఎంతసేపు అలా చూసుకున్నారో ప్లీడరుగారు తర్వాత కూడా చెప్పలేకపోయాడు. మాస్టారి మొహంలో రక్తం దిగిపోవడం మాత్రం చూశానన్నాడు.

ఆయన సూది ఎక్కడో పడేశాడు. నాలుగడుగుల్లో కిటికీ దగ్గరికి చేరాడు. భార్య ముందు చతికిలబడి, ఆమె చేతిలోని సూదీ కాజా గుడ్డా తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఏమే...”

“ఇప్పుడు గుర్తొచ్చానా?” అంది కాజాలమ్మ.

ఆయన ఆ చెయ్యి తన నుదుటికి ఆనించుకున్నాడు.

“ఏమైంది మావయ్యగారూ?” కోడలు లేచి వచ్చింది. “అత్తయ్యా, ఏమైంది?”

“మెషీన్ అబద్ధం చెప్పలేదమ్మా,” మాస్టారు తలెత్తకుండానే అన్నాడు. “నేనే చెప్పించాను. పట్టీ నేను ఒక్కరోజు కూడా కట్టుకోలేదు. రోజూ దీని చేతికే కట్టాను. నా చేతులతో నేనే కట్టాను. ఆ గుండె దీనిది.”

కోడలు తిడుతుందని కాజాలమ్మ అనుకుంది. తిడితే బాగుండుననుకుంది. కోడలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పలక తీసుకొచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది.

“వేళ్లు ఆనించండి అత్తయ్యా. భయపడకండి, నేనున్నాను.”

గీత పాకింది. ఒక ఎత్తు. వెంటనే ఇంకోటి. పెద్ద ఖాళీ. రెండు దగ్గర దగ్గరగా. మళ్లీ ఖాళీ. కొత్తగా మిషన్ తొక్కడం నేర్చుకునేవాళ్ల కుట్టులా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. చూడటం రానివాళ్లకు కూడా తేడా తెలిసిపోతుంది. కుట్టు తెలిసిన మాస్టారికి ఇక చెప్పాలా? ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

కోడలు వేలు నొక్కగానే మాస్టారి గీతా, ఈ గీతా ఒకదాని వెనక ఒకటి క్లినిక్‌కి చేరిపోయాయి. అర నిమిషం తిరక్కుండానే ఫోను మోగింది. తెర మీద డాక్టరమ్మ. వెనక ఎవరో పిల్ల దగ్గుతోంది.

“ఈ రెండో గీత మాస్టారిది కాదు కదా?”

“కాదు మేడమ్. మా అత్తయ్యది. ఇన్నాళ్లూ వచ్చినవన్నీ... అత్తయ్యవే.” కోడలు జరిగింది ముక్తసరిగా చెప్పింది.

డాక్టరమ్మ దగ్గుతున్న పిల్లను కాస్త ఆగమని, కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. తర్వాత, “ఫోను ఆవిడకివ్వు. అమ్మా, మొహం కాస్త వెలుతురులోకి పెట్టండి. చూడనివ్వండి. ఒకసారి నవ్వండి. రెండు చేతులూ పైకెత్తండి. ఆ, చాలు. మాట తడబడటం, చెయ్యి తిమ్మిరెక్కడం, అలాంటివేమైనా ఉన్నాయా?”

“లేవమ్మా. మెట్లెక్కితే ఆయాసం. అంతే.”

“మరి నాతో ఎప్పుడూ చెప్పలేదేం?”

“మీరు అడగలేదు కదమ్మా. వచ్చినప్పుడల్లా ఆయన సంగతే మాట్లాడుకున్నాం.”

డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. “నిజమే. మాస్టారి లెక్కలు తెర మీద చూశాను గానీ, పక్కన కూర్చున్న మిమ్మల్ని చూడలేదు. ఇకమీదట చూస్తాను. వినండి. చాలామందికి పక్షవాతం వచ్చి పడిపోయాక గానీ తెలియని జబ్బు ఇది. మీకు రాకముందే దొరికింది. మందుంది. భయపడాల్సిన పనిలేదు, అలాగని ఆలస్యం కూడా చెయ్యొద్దు. ఇప్పుడే రండి.”

“అంటే ఆ పట్టీ...” కాజాలమ్మ ఆగింది.

“ఆ పట్టీయే కనిపెట్టింది అమ్మా. ఎవరి చేతికి కట్టారో దానికి తెలియదు. కానీ ఆ చెయ్యి చెప్పింది మాత్రం ఉన్నదున్నట్టు మాకు చెప్పింది.”

కోడలు ఆ మాట విని కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. ఇంత గొడవలోనూ ఆమె పెదాల మీద చిన్న నవ్వు మెరిసింది.

“నా కారు బయటే ఉంది,” అన్నాడు ప్లీడరుగారు. “ఇలాగే నడుపుతాను. ఒక చెయ్యి లేకపోతే ఏం?”

మాస్టారు గబగబా కోటులోని గుండుసూదులు పీకడం మొదలుపెట్టాడు. ఆ తొందరలో ఒకటి తనకే గుచ్చుకుంది.

ఫోను ఇంకా పెట్టలేదు డాక్టరమ్మ. ఆవిడ గొంతు మారింది.

“ఒక్క నిమిషం. వచ్చిన బీపీలన్నీ ఆవిడవైతే, నేను మాస్టారి మాత్ర తగ్గించింది ఎవరి బీపీ చూసి?”

అందరూ మాస్టారి వైపు తిరిగారు.

ఈసారి మాస్టారు రభస చెయ్యలేదు. బల్ల సొరుగులోంచి పట్టీ తనే తీశాడు. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎడమ చేత్తో చుట్టుకోబోతే రాలేదు. ఊరందరి చేతులూ కొలిచిన మనిషికి తన చెయ్యి తనకు అందలేదు.

“ఇలా ఇవ్వండి,” అంది కాజాలమ్మ.

ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. తనకు కట్టే కొలత ఆయనకు చాలలేదు. విప్పి వదులు చేసి, ముడత లేకుండా చుట్టింది.

“కదలకండి. మాట్లాడకండి.”

రోజూ పొద్దున ఆయన తనతో చెప్పే మాటలే. ఆయన చిన్నపిల్లాడిలా తలూపాడు. మెషీన్ బుసబుసమంటూ బిగుసుకుంది. ఇంకా బిగుసుకుంది. ఆమె చేతికి ఎప్పుడూ అంత బిగుసుకోలేదు. చాలాసేపటికి గానీ వదల్లేదు.

అంకెలు వచ్చాయి. కోడలు వంగి చూసింది.

“ఎంతొచ్చిందమ్మాయ్?” అన్నాడు మాస్టారు.

కోడలు అంకె పైకి చదవలేదు. ఫోనులో అభినందనలు చెప్పే ఆడగొంతు ఈసారి పలకలేదు. కాజాలమ్మ ఆయన చెయ్యి వదల్లేదు.

“ఇద్దరూ చెప్పులేసుకోండి,” అంది కోడలు.